ఒక్క ఎల్ఎం358తో ఆప్-ఆంప్ సర్క్యూట్లు: బఫర్ నుంచి ఉష్ణోగ్రత అలారం దాకా వరుసగా కట్టుకునే పద్ధతి

ఆప్-ఆంప్‌కు (రెండు ఇన్‌పుట్‌ల మధ్య వోల్టేజీ తేడాను ఎన్నో రెట్లు పెంచే ఐసీకి) సూత్రం ప్రకారమే రెసిస్టర్లు వేశాము, గెయిన్ (సిగ్నల్ ఎన్ని రెట్లు పెరగాలో) కూడా సరిగ్గానే లెక్క కట్టాము, అయినా అవుట్‌పుట్ సున్నా దగ్గరో సప్లైకి కాస్త కిందనో అతుక్కుపోయి కదలడం లేదు, ఎందుకు? డిప్లొమా, ఇంజనీరింగ్ విద్యార్థుల నుంచి ఈ ప్రశ్న పదేపదే వస్తోంది. ఇలాంటి బోర్డులను చూసినప్పుడు తప్పు గెయిన్ లెక్కలో దొరకడం చాలా అరుదు. ఇన్‌పుట్ ఎంత వోల్టేజీ వరకు వెళ్లవచ్చు, అవుట్‌పుట్ ఎక్కడ ఆగిపోతుంది, ఇన్‌పుట్‌కు డీసీ దారి (డీసీ కరెంటు పోవడానికి రెసిస్టర్ గుండా దారి) ఉందా లేదా అన్న మూడు విషయాలలోనే ఎక్కువసార్లు చిక్కు ఉంటుంది.

అందువల్ల ఈ మార్గదర్శిలో ఒకే ఐసీని (రెండు ఆప్-ఆంప్‌లున్న ఎల్ఎం358), ఒకే సప్లైని తీసుకుని, ఒక్కొక్క సర్క్యూట్‌ను కట్టి, కొలిచి, ఆ తర్వాతే రెండోదానికి వెళ్లే క్రమాన్ని పాటిస్తున్నాము. 5 నుంచి 8 వరకు ఉన్న మెట్లు కలిస్తే, గది వేడి మీరు పెట్టిన హద్దు దాటగానే ఫ్యాన్‌ను నడిపే పరికరం తయారవుతుంది. మిగిలిన మెట్లను అవసరాన్ని బట్టి చూసుకోవచ్చు.

1. ఐసీ ఎంపిక: 741ను ఎందుకు పక్కన పెడుతున్నాము

కళాశాల ప్రయోగశాలల్లో 741 అనే పాత ఆప్-ఆంప్‌ను ±15 లేదా ±12 వోల్టులతో వాడతారు. అక్కడ నేర్చుకున్న సర్క్యూట్‌ను ఇంటికి వచ్చి ఒకే 9 వోల్టుల సప్లైతో కట్టినప్పుడు అది పనిచేయకపోవడం సహజం. 741 ఇన్‌పుట్‌లు రెండు సప్లై అంచులకూ సుమారు 2, 3 వోల్టుల దూరంలో ఉండాలి. గ్రౌండ్ దగ్గర ఉన్న 0.3 వోల్టుల సిగ్నల్‌ను అది సరిగా అందుకోలేదు.

ఎల్ఎం358 ఇన్‌పుట్‌లు గ్రౌండ్ వరకు పనిచేస్తాయి. సింగిల్ సప్లైపై 3 నుంచి 32 వోల్టుల దాకా దీనిని నడపవచ్చు. అయితే పై అంచున ఇన్‌పుట్‌కైనా అవుట్‌పుట్‌కైనా సప్లైకి దాదాపు ఒకటిన్నర వోల్టుల కిందనే హద్దు. 9 వోల్టుల సప్లై ఇస్తే 7.5 వోల్టులే గరిష్ఠమని ముందే మనసులో పెట్టుకోవాలి.

పిన్‌ల వరుసను కాగితంపై రాసుకుని బోర్డు పక్కన ఉంచుకోండి. ఐసీపై ఉన్న గాడి ఎడమ వైపు ఉండేలా పెడితే కింది వరుసలో ఎడమ చివరిది 1, అక్కడి నుంచి గడియారానికి వ్యతిరేక దిశలో లెక్కించాలి.

- పిన్ 1: మొదటి ఆప్-ఆంప్ అవుట్‌పుట్
- పిన్ 2: మొదటిదాని ఇన్వర్టింగ్ (−) ఇన్‌పుట్
- పిన్ 3: మొదటిదాని నాన్-ఇన్వర్టింగ్ (+) ఇన్‌పుట్
- పిన్ 4: గ్రౌండ్
- పిన్ 5: రెండోదాని నాన్-ఇన్వర్టింగ్ ఇన్‌పుట్
- పిన్ 6: రెండోదాని ఇన్వర్టింగ్ ఇన్‌పుట్
- పిన్ 7: రెండోదాని అవుట్‌పుట్
- పిన్ 8: పాజిటివ్ సప్లై

ఎల్ఎం393 అనే కంపారేటర్‌కు (రెండు వోల్టేజీలలో ఏది ఎక్కువో చెప్పే ఐసీకి) కూడా అచ్చంగా ఇదే పిన్ వరుస, ఇదే ఆకారం. డబ్బాలో రెండూ కలిసిపోతే దానిని ఆప్-ఆంప్ అనుకుని పెట్టి గంటలు వృథా చేసుకునే ప్రమాదం ఉంది కాబట్టి, పెట్టే ముందు ఐసీ మీది అంకెలను వెలుతురులో ఒకసారి చదవండి.

2. కావలసిన సామాన్లు

ఇవన్నీ హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ వంటి చోట ఒకే విడతలో దొరికేవే.

- ఎల్ఎం358 రెండు (ఒకటి కాలితే ఆట ఆగకుండా)
- 12 వోల్టుల డీసీ అడాప్టర్, 7809 రెగ్యులేటర్
- ఎల్ఎం35 ఉష్ణోగ్రత సెన్సర్
- 1 శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు: 1కె, 2.2కె, 4.7కె, 8.2కె, 10కె, 82కె, 100కె, 470కె (కె అంటే కిలో ఓం)
- 10కె పొటెన్షియోమీటర్లు రెండు, 10కె ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న పొటెన్షియోమీటర్) ఒకటి
- 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ కెపాసిటర్లు (ఒంటిపై 104 అని ఉంటుంది), 0.33 మైక్రోఫారడ్ ఒకటి, 10 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలైటిక్‌లు
- బీసీ547 ట్రాన్సిస్టర్, 1ఎన్4007 డయోడ్, 12 వోల్టుల రిలే, ఎల్ఈడీ
- బ్రెడ్‌బోర్డ్, మల్టీమీటర్

ఆసిల్లోస్కోప్ లేకపోయినా 8వ మెట్టు వరకు ఆటంకం లేదు. మల్టీమీటర్ లేకుండా మాత్రం మొదలుపెట్టవద్దు.

3. బోర్డును సిద్ధం చేసుకోవడం

ముందుగా ఐసీ లేకుండా సప్లైని మాత్రమే కట్టాలి. అడాప్టర్ పాజిటివ్‌ను 7809 మొదటి కాలుకు, గ్రౌండ్‌ను మధ్య కాలుకు ఇచ్చి, మూడో కాలు నుంచి 9 వోల్టులు తీసుకోండి. ఇన్‌పుట్ వైపు 0.33, అవుట్‌పుట్ వైపు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు గ్రౌండ్‌కు వేయాలి. అడాప్టర్ వోల్టేజీ లోడ్‌ను బట్టి కిందికీ పైకీ కదులుతుంది. ఆ కదలికే రేపు మీ అలారం హద్దును కదిలిస్తుంది కాబట్టి రెగ్యులేటర్‌ను మానేయవద్దు.

పొడవైన బ్రెడ్‌బోర్డులు కొన్నింటిలో అంచున ఉండే సప్లై వరుస మధ్యలో తెగి ఉంటుంది. ఎర్ర గీత మధ్యలో ఖాళీ కనిపిస్తే అక్కడ చిన్న వైరుతో కలపాలి. ఈ ఒక్క ఖాళీని గమనించక నేను ఒక సాయంత్రమంతా మంచి ఐసీలను చెడ్డవని తీర్మానించి పక్కన పడేశాను.

ఇప్పుడు ఐసీని పెట్టి, పిన్ 8కు 9 వోల్టులు, పిన్ 4కు గ్రౌండ్ ఇవ్వండి. ఒక 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను ఐసీకి ఆనుకునేలా, కాళ్లు వీలైనంత చిన్నవిగా ఉంచి 8, 4 పిన్‌ల మధ్య వేయాలి. బోర్డు ఆ చివర వేసిన కెపాసిటర్ ఈ పని చేయదు.

వాడని రెండో ఆప్-ఆంప్‌ను గాలికి వదిలేయకూడదు. పిన్ 6, 7లను కలిపి, పిన్ 5ను రెండు 10కె రెసిస్టర్ల మధ్య బిందువుకు కట్టి ఉంచండి.

ముందుకు వెళ్లే ముందు సరిచూసుకోవలసినవి:

- మల్టీమీటర్ మొనలను నేరుగా ఐసీ కాళ్లపై ఆనించి చూస్తే 8, 4 మధ్య 9 వోల్టులు ఉన్నాయి.
- ఐసీని వేలితో తాకితే వేడిగా లేదు. లోడ్ లేనప్పుడు ఇది తీసుకునే కరెంటు సుమారు ఒక మిల్లీఆంపియరే. వేడెక్కుతోందంటే సప్లై తిరగబడినట్లు.

4. గుర్తుంచుకోవలసిన మూడు నియమాలు

మొదటిది: ఇన్‌పుట్ పిన్‌లలోకి కరెంటు దాదాపు పోదు. రెండోది: అవుట్‌పుట్ నుంచి ఇన్వర్టింగ్ ఇన్‌పుట్‌కు ఫీడ్‌బ్యాక్ (వెనక్కి వచ్చే దారి) ఉంటే, రెండు ఇన్‌పుట్‌ల వోల్టేజీలు సమానమయ్యేదాకా అవుట్‌పుట్ తనను తాను సర్దుకుంటుంది. మూడోది: ఆ సర్దుబాటు సప్లై హద్దుల లోపలే జరుగుతుంది.

మొదటి రెండూ ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉంటాయి, కానీ సర్క్యూట్‌ను పడగొట్టేది మూడోదే. లోపం వెతికేటప్పుడు మాత్రం రెండో నియమం మంచి ఆయుధం: పిన్ 2, 3 మధ్య వోల్టేజీ కొన్ని మిల్లీవోల్టుల లోపు ఉంటే ఆప్-ఆంప్ తన పని తాను చేస్తోంది, అంతకన్నా ఎక్కువ ఉంటే ఫీడ్‌బ్యాక్ తెగిందనో, అవుట్‌పుట్ హద్దుకు తగిలిందనో అర్థం.

5. బఫర్

బఫర్‌లో పిన్ 1ని నేరుగా పిన్ 2కు కలుపుతాము, సిగ్నల్‌ను పిన్ 3కు ఇస్తాము. ఇచ్చిన వోల్టేజీయే అవుట్‌పుట్‌లో వస్తుంది. వోల్టేజీ పెరగనప్పుడు లాభమేమిటన్నది కొలిస్తేనే తెలుస్తుంది.

(అ) రెండు 10కె రెసిస్టర్లను 9 వోల్టులకూ గ్రౌండ్‌కూ మధ్య వరుసగా వేసి, మధ్య బిందువును కొలవండి. 4.5 వోల్టులు వస్తాయి.

(ఆ) ఆ బిందువు నుంచి గ్రౌండ్‌కు 1కె రెసిస్టర్ వేయండి. వోల్టేజీ సుమారు 0.75కు కూలిపోతుంది, ఎందుకంటే కింది 10కెకు పక్కనే 1కె చేరి ఆ జంట 909 ఓంలకు దిగిపోయింది.

(ఇ) 1కెను తీసివేసి, మధ్య బిందువును పిన్ 3కు కలిపి, అదే 1కెను పిన్ 1కీ గ్రౌండ్‌కూ మధ్య వేయండి. ఈసారి 4.5 వోల్టులు కదలవు. లోడ్‌కు కావలసిన 4.5 మిల్లీఆంపియర్లను ఐసీ సప్లై నుంచి ఇస్తోంది, సిగ్నల్ ఇచ్చేవాడి మీద భారం పడలేదు.

(ఈ) రెసిస్టర్ల స్థానంలో 10కె పొటెన్షియోమీటర్ పెట్టి, దాని మధ్య కాలును పిన్ 3కు ఇచ్చి మెల్లగా తిప్పండి. 7.5 వోల్టుల ప్రాంతంలో ఇన్‌పుట్ పెరుగుతున్నా అవుట్‌పుట్ ఆగిపోతుంది. అది ఆగిన అంకెను రాసి పెట్టుకోండి. ఈ ఐసీకి, ఈ సప్లైకి అదే మీ పై హద్దు.

కొత్తగా కొన్న ఏ ఆప్-ఆంప్‌నైనా నేను మొదట ఈ పరీక్షకే పెడతాను. రెండు భాగాలనూ ఇలా చూడడానికి ఐదు నిమిషాలు చాలు.

6. ఎల్ఎం35 సిగ్నల్‌ను పదింతలు చేయడం

ఎల్ఎం35 డిగ్రీ సెల్సియస్‌కు 10 మిల్లీవోల్టులు ఇస్తుంది. 32 డిగ్రీలకు 0.32 వోల్టులు. దీనిని పదింతలు చేస్తే 3.2 వోల్టులు, అంటే మల్టీమీటర్‌పై అంకెను చూసి ఉష్ణోగ్రతను నేరుగా చదువుకోవచ్చు.

ఇది నాన్-ఇన్వర్టింగ్ యాంప్లిఫయర్. బఫర్‌లో పిన్ 1, 2 మధ్య వేసిన వైరును తీసేసి, పిన్ 2 నుంచి గ్రౌండ్‌కు ఒక రెసిస్టర్, పిన్ 1 నుంచి పిన్ 2కు ఇంకొకటి. గెయిన్ = 1 + (ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ ÷ గ్రౌండ్ రెసిస్టర్). ఆ ముందున్న 1ని మరచిపోయి 100కె, 10కె వేస్తే గెయిన్ 11 అవుతుంది, 32 డిగ్రీలు 35గా కనిపిస్తాయి. పది కావాలంటే గ్రౌండ్‌కు 10కె, ఫీడ్‌బ్యాక్‌కు 82కె, 8.2కె వరుసగా వేయండి. మొత్తం 90.2కె, గెయిన్ 10.02.

సెన్సర్‌ను ఇప్పుడే కలపవద్దు. ముందు తెలిసిన వోల్టేజీతో పరీక్షించాలి. 9 వోల్టులు, 100కె రెసిస్టర్, 10కె పొటెన్షియోమీటర్, గ్రౌండ్ అనే వరుసలో కడితే పొటెన్షియోమీటర్ మొత్తం తిప్పుడు 0 నుంచి 0.8 వోల్టుల మధ్యే ఉంటుంది కాబట్టి చిన్న వోల్టేజీని సులువుగా పెట్టవచ్చు. మధ్య కాలును పిన్ 3కు ఇచ్చి 0.40 వోల్టులు పెట్టండి. పిన్ 1 వద్ద 4.0 రావాలి.

కొద్దిగా తేడా ఉంటే 8.2కె తీసేసి 4.7కె, 10కె ప్రీసెట్ వరుసగా పెట్టి సరిచేయండి. ఎల్ఎం358కు ఇన్‌పుట్ ఆఫ్‌సెట్ (రెండు ఇన్‌పుట్‌ల మధ్య ఐసీలోనే ఉండే చిన్న తేడా) సాధారణంగా 2 మిల్లీవోల్టులు, 7 వరకు కూడా ఉండవచ్చు. పదింతలైతే 20 నుంచి 70 మిల్లీవోల్టులు, అంటే 0.2 నుంచి 0.7 డిగ్రీలు. అందుకే సర్దుబాటును మీ అలారం హద్దుకు దగ్గరి విలువ వద్దే చేయాలి. 40 డిగ్రీలకు అలారం కావాలంటే 0.40 వోల్టుల వద్ద.

ఇప్పుడు సెన్సర్. ఎల్ఎం35 చదునైన ముఖం మీ వైపు, కాళ్లు కిందికి ఉంచితే ఎడమ కాలు సప్లై, మధ్యది అవుట్‌పుట్, కుడిది గ్రౌండ్. తిరగేసి పెడితే సెకన్లలో వేలు కాలుతుంది. సెన్సర్‌ను పొడవైన వైరు చివర పెట్టేటట్లయితే దాని అవుట్‌పుట్ కాలు దగ్గరే 2.2కె రెసిస్టర్‌ను వరుసలో వేసి, పిన్ 3 దగ్గర 0.1 మైక్రోఫారడ్‌ను గ్రౌండ్‌కు వేయండి. వైరు కెపాసిటెన్స్‌ను ఈ సెన్సర్ నేరుగా భరించలేదు. 7809కు దగ్గరగా మాత్రం సెన్సర్‌ను పెట్టవద్దు, అది గదిని కాక రెగ్యులేటర్‌ను కొలుస్తుంది.

ఆర్డ్వినోకు (చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డుకు) ఇచ్చేవారికి ఒక హెచ్చరిక. 9 వోల్టుల సప్లైతో ఉన్న ఈ అవుట్‌పుట్ 50 డిగ్రీలు దాటితే 5 వోల్టులను మించి ఆర్డ్వినో పిన్‌ను పాడుచేయగలదు. పోనీ ఎల్ఎం358నే 5 వోల్టులపై నడిపితే అవుట్‌పుట్ 3.5 వోల్టుల దగ్గర ఆగుతుంది, అంటే 35 డిగ్రీల తర్వాత అంకె కదలదు. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో ఉదయం పది దాటకముందే ఆ అంకె వచ్చేస్తుంది. గెయిన్‌ను తగ్గించి 39కె, 10కె వేసుకుంటే 4.9 అవుతుంది, అప్పుడు 70 డిగ్రీల దాకా చోటు ఉంటుంది. లేదా అవుట్‌పుట్ సప్లై అంచులదాకా వెళ్లగల ఎంసీపీ6002ను పెట్టవచ్చు. పిన్ వరుస ఇదే, కానీ దాని సప్లై 6 వోల్టులు మించకూడదు.

7. హద్దు దాటితే చెప్పే కంపారేటర్

ఇప్పుడు రెండో ఆప్-ఆంప్‌ను వాడుతున్నాము కాబట్టి దానికి ఇంతకుముందు వేసిన తాత్కాలిక వైర్లను తీసేయండి.

పిన్ 6కు 10కె పొటెన్షియోమీటర్ మధ్య కాలు. దాని రెండు చివరలు 9 వోల్టులకూ గ్రౌండ్‌కూ. ఇదే మీ హద్దు: 4.0 వోల్టులు పెడితే 40 డిగ్రీలు. పిన్ 1ని 10కె రెసిస్టర్ ద్వారా పిన్ 5కు ఇవ్వండి. పిన్ 7 నుంచి 1కె, ఎల్ఈడీ, గ్రౌండ్.

ఇంతవరకే కట్టి సెన్సర్‌ను వేళ్లతో పట్టుకుని వేడి చేస్తూ, హద్దును ఆ వేడికి దగ్గరగా తెచ్చి చూడండి. హద్దు దగ్గర ఎల్ఈడీ వణుకుతుంది. రిలే ఉంటే కటకటమని కొట్టుకుని కాంటాక్టులు కాల్చుకుంటుంది. సిగ్నల్‌లోని రెండు మూడు మిల్లీవోల్టుల అలజడికే కంపారేటర్ అటూ ఇటూ ఊగుతోంది.

పరిష్కారం ఒక్క రెసిస్టర్. పిన్ 7 నుంచి పిన్ 5కు 470కె వేయండి. అవుట్‌పుట్ పైకి వెళ్లగానే అది పిన్ 5ను ఇంకాస్త పైకి లాగుతుంది, కిందికి రాగానే కిందికి లాగుతుంది. ఈ ఎడాన్ని హిస్టరిసిస్ అంటారు. దాని వెడల్పు సుమారుగా 10 ÷ 470 × 7.5, అంటే 0.16 వోల్టులు లేదా 1.6 డిగ్రీలు. హద్దు 4.0 వద్ద ఉంటే ఎల్ఈడీ దాదాపు 40.9 డిగ్రీలకు వెలిగి, 39.3కు దిగాక ఆరుతుంది. వెడల్పు తగ్గించాలంటే 1 మెగా ఓం, పెంచాలంటే 220కె.

ఈ 470కెను పొరపాటున పిన్ 6కు కలిపితే అది నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ అవుతుంది, స్విచ్చు లక్షణమే పోతుంది. పాజిటివ్ ఫీడ్‌బ్యాక్ ఎప్పుడూ నాన్-ఇన్వర్టింగ్ పిన్‌కే.

వేడి బదులు వెలుగు కావాలంటే పిన్ 1 స్థానంలో ఎల్‌డీఆర్ (వెలుగును బట్టి నిరోధం మారే రెసిస్టర్), 10కె మధ్య బిందువును ఇస్తే సరిపోతుంది, అయితే దానిని ముందు 5వ మెట్టులోని బఫర్ గుండా పంపాలి; లేకపోతే హిస్టరిసిస్ లెక్కలో ఎల్‌డీఆర్ విలువ కూడా చేరి హద్దులు వెలుగును బట్టి మారిపోతాయి.

కంపారేటర్ కోసమే అయితే ఎల్ఎం393 వేగంగా పనిచేస్తుంది. కానీ దాని అవుట్‌పుట్ కిందికి లాగగలదే కాని పైకి నెట్టలేదు. పిన్ 7 నుంచి సప్లైకి 4.7కె పుల్-అప్ వేయనంతకాలం మీకు అవుట్‌పుట్ కనబడదు.

8. రిలే

ఎల్ఎం358 అవుట్‌పుట్‌కు రిలేను నేరుగా కట్టవద్దు. 12 వోల్టుల చిన్న రిలే కాయిల్ సుమారు 400 ఓంలు ఉంటుంది, అంటే 30 మిల్లీఆంపియర్లు కావాలి. మధ్యలో బీసీ547 ఉండాలి.

(అ) పిన్ 7 నుంచి 2.2కె ద్వారా ట్రాన్సిస్టర్ బేస్‌కు. సుమారు 3 మిల్లీఆంపియర్లు వెళ్తాయి, ట్రాన్సిస్టర్ పూర్తిగా ఆన్ కావడానికి అది చాలు.

(ఆ) ఎమిటర్ గ్రౌండ్‌కు, కలెక్టర్ రిలే కాయిల్ ఒక చివరకు.

(ఇ) కాయిల్ రెండో చివర అడాప్టర్ 12 వోల్టులకు. 7809 ఇచ్చే 9 వోల్టులకు కాదు. రిలే కుదుపు సెన్సర్ సప్లైలోకి రాకూడదు.

(ఈ) కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007, దాని గీత ఉన్న చివర 12 వోల్టుల వైపు. ఇది లేకుండా ఒకసారి ఆపినా ట్రాన్సిస్టర్ పోవచ్చు.

రిలే కాంటాక్టుల వైపు 230 వోల్టుల పనిని బ్రెడ్‌బోర్డ్‌పై చేయవద్దు. పరీక్షకు 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాన్‌ను నడపండి. ఇంటి ఫ్యాన్‌కు కట్టడం మూసిన డబ్బాలో, ఫ్యూజుతో, కరెంటు పని తెలిసినవారి సాయంతో జరగాలి.

9. ధ్వని సిగ్నల్: ఒకే సప్లైతో మైక్ యాంప్లిఫయర్

ఇక్కడ చిక్కు వేరు. మైక్ సిగ్నల్ గ్రౌండ్‌కు పైకీ కిందికీ ఊగుతుంది, కానీ మన ఐసీకి గ్రౌండ్ కింద ఏమీ లేదు. సిగ్నల్‌ను ముందు 4.5 వోల్టుల మీదికి ఎత్తి, అక్కడ ఊగనివ్వాలి.

(అ) 9 వోల్టులకూ గ్రౌండ్‌కూ మధ్య రెండు 100కె. మధ్య బిందువు నుంచి గ్రౌండ్‌కు 10 మైక్రోఫారడ్. ఈ బిందువు నుంచి ఇంకొక 100కె ద్వారా పిన్ 3కు.

(ఆ) ఎలక్ట్రెట్ మైక్‌కు 9 వోల్టుల నుంచి 10కె. ఆ కలయిక నుంచి 0.1 మైక్రోఫారడ్ ద్వారా పిన్ 3కు.

(ఇ) పిన్ 1 నుంచి పిన్ 2కు 100కె. పిన్ 2 నుంచి 10 మైక్రోఫారడ్, 1కె వరుసగా గ్రౌండ్‌కు. కెపాసిటర్ పాజిటివ్ కాలు పిన్ 2 వైపు.

(ఈ) పిన్ 1 నుంచి 10 మైక్రోఫారడ్ ద్వారా బయటికి, పాజిటివ్ కాలు పిన్ 1 వైపు. అదనంగా పిన్ 1 నుంచి గ్రౌండ్‌కు 4.7కె.

మూడో అంశంలోని కెపాసిటర్‌ను వదిలేయడం అతి సాధారణమైన తప్పు. అది ఉంటే డీసీకి గెయిన్ 1, మాటకు గెయిన్ 101. లేకపోతే డీసీకి కూడా 101 అవుతుంది, 4.5 వోల్టులు నూరింతలు కావాలని ప్రయత్నించి అవుట్‌పుట్ 7.5 వద్ద అంటుకుంటుంది.

నాలుగో అంశంలోని 4.7కెను చూసి చాలామంది అనవసరమనుకుంటారు. ఎల్ఎం358 అవుట్‌పుట్ కరెంటును ఇవ్వడం నుంచి తీసుకోవడానికి మారే చోట చిన్న తడబాటు ఉంటుంది, అది మాటలో గరగరగా వినిపిస్తుంది. ఈ రెసిస్టర్ అవుట్‌పుట్‌ను ఎల్లప్పుడూ కరెంటు ఇచ్చే స్థితిలోనే ఉంచుతుంది.

స్విచ్ వేయగానే ధ్వని రాదు. కెపాసిటర్లు నిండడానికి మూడు నాలుగు సెకన్లు పడుతుంది, ఆ తర్వాతే కొలవండి: పిన్ 1 వద్ద సుమారు 4.5 వోల్టుల డీసీ ఉండాలి.

ఈ ఐసీ గెయిన్-బ్యాండ్‌విడ్త్ (గెయిన్, అందే ఫ్రీక్వెన్సీల లబ్ధం) సుమారు 1 మెగాహెర్ట్జ్. గెయిన్ 100 పెడితే 10 కిలోహెర్ట్జ్ వరకే అందుతుంది. మాటకు చాలు, సంగీతానికి చాలదు. సంగీతానికి టీఎల్072 మేలు, దానికి 3 మెగాహెర్ట్జ్ ఉంది, పిన్ వరుస ఇదే. కానీ దాని ఇన్‌పుట్‌లు గ్రౌండ్ దాకా పనిచేయవు కాబట్టి 6వ మెట్టులోని సెన్సర్ సర్క్యూట్‌లో దానిని పెట్టకూడదు. దీనికి 12 వోల్టుల సప్లై ఇవ్వడం మంచిది.

10. ఇన్వర్టింగ్ యాంప్లిఫయర్, మిక్సర్

సిగ్నల్‌ను రెసిస్టర్ ద్వారా పిన్ 2కు ఇచ్చి, పిన్ 3ను గ్రౌండ్‌కు కడితే అవుట్‌పుట్ మైనస్ వైపు వెళ్లాలి. సింగిల్ సప్లైలో మైనస్ లేదు, కాబట్టి పాజిటివ్ ఇన్‌పుట్ ఎంత ఇచ్చినా అవుట్‌పుట్ సున్నా. మొదట్లో చెప్పిన ప్రశ్నకు సగం సందర్భాల్లో జవాబు ఇదే.

రెండు దారులున్నాయి. ధ్వని సిగ్నల్ అయితే పిన్ 3ను 9వ మెట్టులో చెప్పిన 4.5 వోల్టుల బిందువుకు కట్టి, ప్రతి ఇన్‌పుట్‌కూ వరుసలో కెపాసిటర్ వేయాలి. డీసీ అయితే రెండు 9 వోల్టుల బ్యాటరీలను వరుసగా కలిపి, మధ్య కలయికను గ్రౌండ్‌గా తీసుకుని పిన్ 4ను మైనస్ 9కు ఇవ్వాలి.

మిక్సర్‌కు ప్రతి ఇన్‌పుట్‌కూ 10కె, ఫీడ్‌బ్యాక్‌కు 10కె. పిన్ 2 ఎప్పుడూ పిన్ 3 వోల్టేజీ వద్దే నిలిచి ఉంటుంది కాబట్టి ఒక మైక్ సిగ్నల్ ఇంకొక మైక్ దారిలోకి వెనక్కి పోదు. అదే రెసిస్టర్లతో ఆప్-ఆంప్ లేకుండా కలిపితే ఒకదాని వాల్యూమ్ తిప్పినప్పుడు రెండోదానిదీ మారుతుంది.

11. కరెంటు కొలత, తేడా యాంప్లిఫయర్

లోడ్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 0.1 ఓం రెసిస్టర్ పెడితే 1 ఆంపియర్‌కు 100 మిల్లీవోల్టులు వస్తాయి. దీనికి 6వ మెట్టులోని సర్క్యూటే చాలు, అవుట్‌పుట్ 1 వోల్టు. సిగ్నల్ వైర్లను మాత్రం ఆ రెసిస్టర్ కాళ్ల మొదట్లో నుంచే తీయాలి. బ్రెడ్‌బోర్డ్ కాంటాక్టు నిరోధమే 0.1 ఓంకు సాటి వచ్చే సందర్భాలున్నాయి. ఆఫ్‌సెట్ 2 మిల్లీవోల్టులంటే ఇక్కడ 20 మిల్లీఆంపియర్ల పొరపాటు. చిన్న కరెంట్లకు ఈ ఐసీ తగదు.

రెసిస్టర్‌ను పాజిటివ్ వైపు పెట్టాలనుకుంటే నాలుగు రెసిస్టర్ల తేడా యాంప్లిఫయర్ కావాలి. నాలుగూ సమానమైతే రెండు వైర్లలోనూ ఉన్న ఉమ్మడి వోల్టేజీ రద్దవుతుందని పుస్తకం చెబుతుంది. నిజానికి 1 శాతం రెసిస్టర్లు అతి చెడ్డగా కలిస్తే 12 వోల్టుల ఉమ్మడి వోల్టేజీకి అవుట్‌పుట్‌లో 0.24 వోల్టులు మిగిలిపోగలవు. ఇరవై రెసిస్టర్లు కొని, మల్టీమీటర్‌తో కొలిచి, దగ్గరి విలువలున్న నాలుగింటిని ఏరుకోవడం చవకైన ఉపాయం.

12. ఇంటిగ్రేటర్, డిఫరెన్షియేటర్

ఇంటిగ్రేటర్ ఇన్‌పుట్‌ను కాలంతో పాటు పోగుచేస్తుంది, డిఫరెన్షియేటర్ అది మారే వేగాన్ని చూపిస్తుంది. పరీక్షల్లో తప్పనిసరి, బయట అరుదు. రెండింటినీ ± సప్లైతోనే కట్టండి. ఇంటిగ్రేటర్‌లో కెపాసిటర్‌కు సమాంతరంగా, ఇన్‌పుట్ రెసిస్టర్‌కు పదింతల రెసిస్టర్ వేయకపోతే చిన్న ఆఫ్‌సెట్ కూడా పోగుపడి అవుట్‌పుట్ ఒక అంచుకు జారిపోతుంది. డిఫరెన్షియేటర్‌లో ఇన్‌పుట్ కెపాసిటర్‌కు వరుసగా ఒక చిన్న రెసిస్టర్ వేయకపోతే అది అలజడినే పెంచి చూపిస్తుంది, కొన్నిసార్లు దానంతటదే ఆసిలేట్ అవుతుంది.

13. పనిచేయనప్పుడు ఈ వరుసలోనే చూడండి

వైర్లు పీకడానికి ముందు కొలవాలి. ప్రతి కొలతా ఐసీ కాలుపైనే తీసుకోవాలి.

- పిన్ 8, 4 మధ్య సప్లై లేదు: తెగిన సప్లై వరుస, లేదా కాలు మడిచి ఐసీ కిందికి పోయి ఉంటుంది.
- పిన్ 3లో అనుకున్న వోల్టేజీ లేదు: తప్పు ఆప్-ఆంప్‌కు ముందే ఉంది.
- పిన్ 3 తేలుతోంది, వేలు దగ్గరకు తెస్తే అంకె మారుతోంది: డీసీ దారి లేదు. కెపాసిటర్ ఒక్కటే ఉన్న ఇన్‌పుట్‌కు 100కె తప్పనిసరి.
- పిన్ 2, 3 సమానం, అయినా అవుట్‌పుట్ తప్పు: రెసిస్టర్ విలువలు తప్పు. వాటిని బోర్డు నుంచి తీసి కొలవండి. 10కె, 100కె రంగుల్లో మూడో పట్టీ దగ్గర పొరపాటు ఎక్కువ. 1 శాతం రెసిస్టర్లకు ఐదు పట్టీలుంటాయి కాబట్టి ఇంకా ఎక్కువ.
- పిన్ 2, 3 సమానం కాదు, అవుట్‌పుట్ 7.5 దగ్గర: గెయిన్ ఎక్కువైంది లేదా ఫీడ్‌బ్యాక్ వైరు తెగింది.
- పిన్ 2, 3 సమానం కాదు, అవుట్‌పుట్ సున్నా దగ్గర: మైనస్ కావలసిన సర్క్యూట్‌ను సింగిల్ సప్లైపై కట్టారు, లేదా 2, 3 తారుమారయ్యాయి.
- అంకె నిలవడం లేదు: 8, 4 మధ్య కెపాసిటర్‌ను చూడండి, ఫీడ్‌బ్యాక్ వైర్లను కుదించండి. అవుట్‌పుట్‌కు పొడవైన కేబుల్ ఉంటే వరుసలో 100 ఓంలు వేయండి.
- పెద్ద సైన్ తరంగం త్రిభుజంలా వస్తోంది: అవుట్‌పుట్ మైక్రోసెకనుకు సుమారు 0.3 వోల్టులకు మించి కదలలేదు. 20 కిలోహెర్ట్జ్ వద్ద శిఖరం 2.4 వోల్టులు దాటితే ఇది మొదలవుతుంది. తరంగం ఎత్తును తగ్గించండి లేదా టీఎల్072కు మారండి.

ఇవన్నీ చూశాకే ఐసీని మార్చండి, మార్చినదాన్ని ముందు బఫర్ పరీక్షకు పెట్టండి.

14. బ్రెడ్‌బోర్డ్ నుంచి సోల్డర్ బోర్డుకు

రెండు రోజులు ఆగకుండా నడిచిన తర్వాతే సోల్డరింగ్‌కు వెళ్లండి. ఐసీకి ఎనిమిది కాళ్ల సాకెట్ వేసి, సోల్డరింగ్ అంతా అయ్యాక, సాకెట్‌లో 8, 4 మధ్య 9 వోల్టులు ఉన్నాయని చూసుకుని, సప్లై తీసి, అప్పుడు ఐసీని పెట్టాలి. 0.1 మైక్రోఫారడ్‌ను సాకెట్ కింద వెనుక వైపు నేరుగా ఆ రెండు కాళ్లకే అతికించవచ్చు. రిలే గ్రౌండ్ వైరును, సెన్సర్ గ్రౌండ్ వైరును విడివిడిగా తెచ్చి అడాప్టర్ జాక్ దగ్గర ఒక్కచోటే కలపండి. రెండూ ఒకే సన్నని గీత మీద నడిస్తే రిలే పడ్డ ప్రతిసారీ ఉష్ణోగ్రత అంకె ఒక డిగ్రీ దాకా ఎగిరిపడుతుంది, హిస్టరిసిస్ ఉన్నా కటకట మళ్లీ మొదలవుతుంది.